జపాన్ కర్రీ ప్యాకెట్లు, చిరుతిళ్లు: సోనా బియ్యంతో, సీమ వంటింట్లో సరిగ్గా చేసుకునే పద్ధతి

కర్నూలులోనో కడపలోనో జపాన్ కర్రీ ప్యాకెట్టు మొదటిసారి విప్పిన ఇంట్లో జరిగేది దాదాపు ఒకటే. వేడి చేస్తారు, అన్నం మీద గుమ్మరించి మొత్తం కలిపేస్తారు. మొదటి ముద్దకే "ఇదేంది, ఇంత తియ్యగా ఉంది" అంటారు. వెంటనే ఒక చెంచా ఎర్రకారం, చిటికెడు ఉప్పు, అర నిమ్మచెక్క పడతాయి. అక్కడితో అది జపాన్ కర్రీ కాకుండా పోతుంది, మన కూరా కాదు.

మొదటిసారి కర్రీ జోలికి పోకండి. మార్చుకోవాల్సింది అన్నం, నీళ్లు, మంట, టైము. ప్యాకెట్టు మీది అంకెలన్నీ జపాన్ బియ్యానికి, అక్కడి నీళ్లకు, అక్కడి మైక్రోవేవ్‌కు, అక్కడి ఎర్రగడ్డ సైజుకు రాసినవి. వాటిని మన లెక్కలోకి మార్చుకుంటే కర్రీ దాని రుచి అది చూపిస్తుంది.

జపాన్‌కు కర్రీ మన దేశం నుంచి నేరుగా పోలేదు. 19వ శతాబ్దంలో ఇంగ్లీషు వాళ్ల చేతుల మీదుగా, వాళ్ల పద్ధతిలో పోయింది. అందుకే అందులో చిక్కదనం ఎర్రగడ్డ, కొబ్బరి, చెనక్కాయల ముద్దతో రాదు. కొవ్వులో వేయించిన గోధుమపిండితో వస్తుంది. దాన్నే 'రూ' అంటారు, మసాలా కలిపి బిళ్లలుగా అమ్ముతారు. ఎస్ అండ్ బి వాళ్ల గోల్డెన్ కర్రీ 1966లో వచ్చింది. ఆపిల్, తేనె కలిపిన హౌస్ వాళ్ల వెర్మాంట్ కర్రీ 1963 నుంచి ఉంది. ఒట్సుకా వాళ్ల బాన్ కర్రీ 1968లో పౌచ్‌లో వండి అమ్మిన మొదటి కర్రీ. ఈ మూడు పేర్లు గుర్తుంటే అంగట్లో సగం పని అయినట్టే.

కొనే ముందు చూడాల్సినవి

మొదట తారీఖు. జపాన్‌లో ముందు సంవత్సరం, తర్వాత నెల, చివర రోజు రాస్తారు. 26.5.11 అని ఉంటే అది 2026 మే 11. మన అలవాటులో చదివి 2011 మే 26 అనుకుని పారేసినవాళ్లున్నారు. దానికంటే చేటు, గడువు దాటిన ప్యాకెట్టును ఇంకా టైముందని దాచుకోవడం.

రెండోది వెనక అతికించిన స్టిక్కరు. దిగుమతి చేసిన సంస్థ పేరు, చిరునామా, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు నంబరు, శాకాహార లేదా మాంసాహార గుర్తు దాని మీద ఉండాలి. జపాన్ ముద్రణలో మన పచ్చచుక్క ఉండదు కాబట్టి స్టిక్కరు లేని ప్యాకెట్టులో ఏముందో బొమ్మ చూసి చెప్పలేం. బెంగళూరు నుంచో హైదరాబాదు నుంచో ఎవరితోనైనా తెప్పించుకుంటుంటే స్టిక్కరు ఫొటో ముందే పంపమనండి.

ఇక్కడ గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. పెట్టె మీద ఉర్లగడ్డ, క్యారెట్ బొమ్మలే ఉన్నా లోపలి రూ బిళ్లలో గొడ్డు కొవ్వు, పంది కొవ్వు ఉండవచ్చు. జపాన్ మార్కెట్టు కోసం చేసిన చాలా రూలలో ఈ రెండూ కలిపిన కొవ్వే వాడతారు. శాకాహారులకే కాదు, హలాల్ పాటించే ఇళ్లకూ, గొడ్డు మాంసం తినని ఇళ్లకూ ఇది ముఖ్యం. ఫోనులో గూగుల్ లెన్స్ తెరిచి వెనకవైపు పదార్థాల జాబితా మీద పెట్టండి. బీఫ్ టాలో (గొడ్డు కొవ్వు), లార్డ్ (పంది కొవ్వు), పోర్క్ ఎక్స్‌ట్రాక్ట్, చికెన్ ఎక్స్‌ట్రాక్ట్, జెలటిన్, బొనిటో అనే మాటల కోసం వెతకండి. బొనిటో అంటే చేప. కూరగాయల రుచి అని రాసిన చిరుతిండిలో కూడా అది దూరుతుంది. జాబితాలో ఎక్కువ బరువున్నది ముందు వస్తుంది. మధ్యలో ఏటవాలు గీత కనిపిస్తే దాని తర్వాతవి కలిపిన రసాయనాలు, రంగులు. అనువాదం ఒకసారి తప్పొచ్చు, అందుకని రెండు మూడు కోణాల్లో చూడండి. అనుమానం తీరకపోతే కొనకండి. ఎగుమతి కోసం జంతు కొవ్వు లేకుండా చేసిన రూలు కూడా దొరుకుతాయి.

కారం మెట్టు కూడా పెట్టె మీదే ఉంటుంది. అమాకుచి అంటే తియ్యనిది, చూకరా మధ్యరకం, కరాకుచి కారం. చాలా పెట్టెల మీద 1 నుంచి 5 దాకా గీతల కొలత ఉంటుంది. సీమ నాలుకకు కరాకుచి కూడా కారమనిపించదు. అలాగని నేరుగా కరాకుచికి పోవద్దు. చూకరాతో మొదలుపెడితే మసాలా వాసన, పండ్ల తీపి, కొవ్వు మూడూ విడివిడిగా తెలుస్తాయి.

ఏప్రిల్, మే నెలల్లో కొరియర్‌లో తెప్పించుకోవద్దు. అనంతపురం ఎండలో వ్యానులో ఒక్క మధ్యాహ్నం ఉంటే చాలు, రూ బిళ్లలోని కొవ్వు కరిగి మళ్లీ గడ్డకడుతుంది. పైన తెల్లటి పొర కడుతుంది. అది బూజు కాదు, వాడుకోవచ్చు. పాత నూనె కంపు కొడితే మాత్రం పారేయండి. చాక్లెట్ పూసిన పోకీ బిస్కెట్టు పుల్లలైతే ఒకదానికొకటి అతుక్కుని కట్టెల మోపులా వస్తాయి.

అన్నం: కొత్త బియ్యమే మేలు

జపాన్ బియ్యం పొట్టిగా ఉండి, వండితే అంటుకుంటుంది. చెంచాతో ఎత్తితే ముద్దలా వస్తుంది. చిక్కటి కర్రీ దానికి పట్టి నిలుస్తుంది. మనం పొడిపొడిగా రావాలని ఏడాది దాచిన బియ్యం వెతుక్కుంటాం. ఇక్కడ ఆ లెక్క తిరగబడుతుంది. కర్నూలు సోనాలోనే ఈ ఏటి కొత్త బియ్యం తీసుకోండి, మెత్తగా, కాస్త జిగురుగా ఉడుకుతుంది. గ్లాసు కొత్త బియ్యానికి రెండుంబావు గ్లాసుల నీళ్లు, పాత బియ్యమైతే అరగంట నానబెట్టి రెండున్నర. కుక్కర్‌లో మూడు విజిళ్లు, ఆవిరి దానంతటదే పోవాలి. గంజి వార్చకండి. కర్రీని పట్టుకునే జిగురంతా గంజితోనే పోతుంది. బాస్మతి దీనికి అసలు కుదరదు, గింజల మధ్య నుంచి కర్రీ కిందికి జారిపోతుంది.

పళ్లెంలో సగానికి అన్నం, సగానికి కర్రీ. రెండూ కలిసే చోట చెంచా పెట్టి తింటూ పోవాలి. మొత్తం కలిపేస్తే పిండి చిక్కదనం అన్నంలో కలిసిపోయి పేస్టులా తగులుతుంది. పక్కన అక్కడ తీపి ఊరగాయ పెట్టుకుంటారు, ఫుకుజిన్‌జుకె అంటారు. ఆవకాయ దీని పక్కన వద్దు, కర్రీని మింగేస్తుంది. ఒక కీరదోసను పల్చగా తరిగి, పావు చెంచా ఉప్పు, చెంచా చక్కెర, రెండు చెంచాల వెనిగర్ వేసి 20 నిమిషాలు ఉంచి పిండండి. ఆ పని అది చేస్తుంది.

పౌచ్ కర్రీ

పౌచ్‌లో ఉన్నది పూర్తిగా ఉడికిన కూరే. మూసిన తర్వాత 120 డిగ్రీల దగ్గర ఒత్తిడిలో వేడి చేస్తారు కాబట్టి ఫ్రిజ్ లేకుండా నిలవ ఉంటుంది. ఒక పౌచ్ సాధారణంగా 180 నుంచి 200 గ్రాములు, ఒకరికి సరిపోతుంది. ఉబ్బిన పౌచ్ విప్పనే వద్దు. లోపల గ్యాసు పుట్టిందంటే సూక్ష్మజీవులు బతికున్నట్టే.

వేడి చేసే ముందు పౌచ్‌ను చేతుల మధ్య మెల్లగా పిసకండి, విడిపోయిన కొవ్వు కలుస్తుంది. పెద్ద గిన్నెలో నీళ్లు మరిగాక మూయకుండా వదిలి, ప్యాకెట్టు మీద ఉన్నంతసేపు ఉంచండి, ఎక్కువగా 3 నుంచి 5 నిమిషాలు. నీళ్లు తక్కువ పోస్తే పౌచ్ అడుగుకు అంటి అక్కడ పొర దెబ్బతింటుంది. పట్టకారుతో తీసి నిలువుగా పట్టుకుని గాటు దగ్గర చింపండి. పడుకోబెట్టి కత్తిరిస్తే ఉడుకు రసం చేతి మీదికి చిమ్ముతుంది.

లోపల వెండిరంగు రేకు ఉన్న పౌచ్‌ను మైక్రోవేవ్‌లో పెట్టకండి, నిప్పురవ్వలు లేస్తాయి. గిన్నెలోకి ఒంపి మూతపెట్టి వేడి చేయండి. పెట్టె తెరిచి అలాగే పెట్టే రకాలు వేరు, వాటికి ఆవిరి పోయే దారి ఉంటుంది. టైము మాత్రం మార్చుకోవాలి. జపాన్ ప్యాకెట్లు 500 లేదా 600 వాట్లకు రాస్తారు, మన ఇళ్లలో 800 వాట్లవి ఎక్కువ. 500 వాట్లకు 2 నిమిషాలు అని ఉంటే మన 800 వాట్లకు 75 సెకన్లు. వాట్లను సెకన్లతో గుణించి మన వాట్లతో భాగిస్తే చాలు. ఇది చూసుకోకపోతే అంచులు పొంగి ఎండి, మధ్యలో చల్లగా మిగులుతుంది.

చాలా పౌచ్‌లలో ఉప్పు 2 గ్రాముల పైనే ఉంటుంది. రోజుకు 5 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. బీపీ ఉన్న పెద్దవాళ్లకు సగం పౌచ్ పెట్టి, పక్కన ఉప్పు లేని పెరుగన్నం పెట్టండి.

రూ బిళ్లలతో ఇంట్లో వండితే

ఈ ప్యాకెట్లలో అన్నిటికంటే మంచి రుచి ఇక్కడే వస్తుంది, ఎక్కువ తప్పులు జరిగేదీ ఇక్కడే.

వెర్మాంట్ పెద్ద పెట్టెలో రెండు ట్రేలుంటాయి, ఒక్కోటి 115 గ్రాములు, ఆరుగురికి. ఒక ట్రేకు మాంసం 250 గ్రాములు, ఎర్రగడ్డలు 400 గ్రాములు, ఉర్లగడ్డలు 230 గ్రాములు, క్యారెట్ 100 గ్రాములు, నూనె ఒక పెద్ద చెంచా, నీళ్లు 800 మిల్లీలీటర్ల చిల్లర. వేరే కంపెనీదైనా బిళ్ల బరువుకు సుమారు 7 రెట్లు నీళ్లు అనుకుని మొదలుపెట్టి, పెట్టె మీది అంకెతో సరిచూసుకోండి.

పెట్టె మీద ఎర్రగడ్డలు 2 అని ఉంటుంది. అక్కడి ఎర్రగడ్డ ఒక్కటే 200 గ్రాములు తూగుతుంది. మన సంతలో దొరికేవి నాలుగైదు వేస్తేగాని 400 గ్రాములు రావు. రెండే వేసినందుకు కర్రీ సప్పగా, తీపి తక్కువై వచ్చిందని చాలామందికి తెలియదు, రూను తిట్టుకుంటారు. లెక్క కాదు, బరువు చూడండి. కడప జిల్లా కేపీ ఉల్లి దీనికి వద్దు, దాని ఘాటు ఎక్కువ.

ఎర్రగడ్డలు నిలువుగా తరిగి, మధ్యస్థ మంట మీద బంగారు రంగు దాటి లేత గోధుమరంగు వచ్చేదాకా 15 నిమిషాలు వేయించండి. మాంసం వేసి రంగు మారాక క్యారెట్, ఉర్లగడ్డ ముక్కలు వేయండి. మటన్ అయితే ముందే కుక్కర్‌లో ఉడికించి ఆ నీళ్లే కొలతలో కలుపుకోండి. నీళ్లు పోసి, మరిగాక పైన తేలిన నురుగు తీసేసి, సిమ్‌లో 15 నుంచి 20 నిమిషాలు. నీళ్ల సంగతి ఇక్కడే గుర్తుపెట్టుకోవాలి. మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. ఆ సున్నం ముక్కల గోడలను గట్టిపరుస్తుంది, ఎంత ఉడికించినా క్యారెట్ కసరుగా ఉంటుంది. తాగే క్యాను నీళ్లు వాడండి.

ముక్కలు మెత్తబడ్డాక స్టవ్ ఆపేయండి. బుడగలు పూర్తిగా ఆగేదాకా ఒకటి రెండు నిమిషాలు ఆగండి. అప్పుడు బిళ్లలు విరిచి, గరిటెలో పెట్టి, రసంలో ముంచుతూ కరిగించండి. మరుగుతున్న రసంలో వేస్తే బిళ్ల పైపొరలోని పిండి వెంటనే ఉడికి గట్టి తొడుగు కట్టేస్తుంది, లోపల పొడిపిండి అలాగే ఉండిపోతుంది. ఆ ఉండలు తర్వాత ఎంత కలిపినా విడవవు. అన్నీ కరిగాక మళ్లీ సిమ్‌లో 10 నిమిషాలు, అడుగు గీకుతూ తిప్పండి. పిండి ఉంది కదా, వదిలితే అడుగంటుతుంది.

కరిగించిన వెంటనే చూస్తే సాంబారులా పల్చగా కనిపిస్తుంది. భయపడి ఇంకో బిళ్ల వేయొద్దు. పిండి మళ్లీ వేడెక్కి ఉబ్బాకే చిక్కబడుతుంది. 10 నిమిషాల తర్వాత గరిటె ఎత్తితే రసం ఒక్క ధారగా కాకుండా నెమ్మదిగా మడతలు మడతలుగా జారాలి. గరిటె వెనక వేలితో గీస్తే గీత నిలవాలి. ఆ దశలో దించేయండి, చల్లారితే ఇంకా గట్టిపడుతుంది. పోపు వద్దు, చింతపండు వద్దు. ఉప్పు అసలే వద్దు, బిళ్లలో కావలసినంత ఉంది.

చక్కగా చిక్కబడిన కర్రీ గంటకో రెండు గంటలకో నీళ్లలా అయిపోతే దానికి రెండు కారణాలు. ఒకటి తేనె. పెట్టె మీద తేనె బొమ్మ చూసి చివర్లో ఇంకో చెంచా కలుపుతారు. పచ్చి తేనెలో పిండిని విరిచే ఎంజైము ఉంటుంది, అది చిక్కదనాన్ని తినేస్తుంది. తేనె కావాలంటే రూకు ముందే వేసి 20 నిమిషాలు ఉడికించాలి. రెండోది ఎంగిలి. రుచి చూసిన చెంచానే మళ్లీ గిన్నెలో పెడితే లాలాజలంలోని ఎంజైము అదే పని చేస్తుంది. రుచికి వేరే చెంచా పెట్టుకోండి.

ఒకసారి ఇలా చేసి తిన్నాక రెండోసారి మీ ఇష్టం. వంకాయ, గుమ్మడి, బెండకాయ నూనెలో వేయించి పైన పెట్టుకోవడం జపాన్‌లోనూ వేసవిలో చేస్తారు. బెండకాయను రసంలో ఉడికిస్తే మాత్రం జిగురు తీగలు సాగుతుంది. రాగిసంగటితో ఈ కర్రీ అన్నం కంటే బాగుంటుందని మా అభిప్రాయం. చిక్కటి రసం సంగటి ముద్దకు పట్టి వస్తుంది, రాగి మట్టివాసనకు ఆ తీపి జత కుదురుతుంది.

వింత కర్రీలు రుచి చూసే పద్ధతి

జపాన్‌లో ఊరికో పౌచ్ కర్రీ ఉంటుంది. హిరోషిమాది ఆలిచిప్పల కర్రీ. యొకొసుకాది నేవీ కర్రీ, 1908 నాటి నౌకాదళ వంటపుస్తకాన్ని పట్టి చేస్తారు. తొత్తోరిలో బీట్‌రూట్‌తో గులాబీరంగు వచ్చే కర్రీ. హొక్కైదోలో ఎలుగుబంటి మాంసంతో కూడా చేస్తారు. అలాంటివి తెప్పించే ముందు పదార్థాల జాబితా రెండుసార్లు చదవండి.

గులాబీ కర్రీని ఎక్కువసేపు మరిగించకూడదు. బీట్‌రూట్ రంగు వేడికి విరిగి ఇటుకరంగుకు దిగుతుంది. వెచ్చబడితే చాలు, తెల్లన్నం మీదే వడ్డించండి.

కారం కోసం వెతికేవాళ్లకు గ్లికో వాళ్ల లీ కర్రీ ఉంది, 1986 నుంచి వస్తోంది, 10 రెట్లు, 20 రెట్లు అని మెట్లున్నాయి. సీమ కారం తిన్నవాళ్లమన్న ధైర్యంతో పెద్ద ముద్ద తీసుకోవద్దు. మన ఎర్రకారం నాలుకకు వెంటనే తగులుతుంది. ఇది కొవ్వులో కలిసి ఉంటుంది కాబట్టి ముందు తీపి తగిలి, మూడో ముద్ద తర్వాత గొంతులో అంటుకుంటుంది. నీళ్లతో దిగదు. చిక్కటి మజ్జిగ దగ్గర పెట్టుకోండి.

నలుగురు కూర్చుంటే ఒక పౌచ్‌ను 45 గ్రాముల చొప్పున పంచి, తలా మూడు చెంచాల అన్నంతో తినండి. తియ్యనిది ముందు, కారం చివర. ఒక పూటకు మూడు రకాలు మించితే నాలుక మొద్దుబారి అన్నీ ఒకటే అనిపిస్తాయి.

కప్పులు, చిరుతిళ్లు

నిస్సిన్ కర్రీమెషి కప్పులో బియ్యం, రూ ముక్కలు కలిసే ఉంటాయి. గీత దాకా మరుగునీళ్లు పోసి, మూత మూసి 5 నిమిషాలు. మూత తీస్తే నీళ్లలో తేలే బొరుగుల్లా కనిపిస్తుంది, చెడిపోయిందనుకోవద్దు. అడుగు నుంచి గట్టిగా గుండ్రంగా తిప్పండి, అర నిమిషంలో చిక్కబడుతుంది. అడుగున రూ మిగిలిపోతే పైన సప్పగా, చివరి రెండు చెంచాలు ఉప్పుకషాయంగా ఉంటాయి.

కప్పు యాకిసోబా, అంటే యూఎఫ్ఓ, పెయాంగ్ లాంటివి నూడుల్స్ నానాక నీళ్లు వంచేసే రకం. సాసు ప్యాకెట్టును ముందే పోస్తే రుచంతా సింకులోకి పోతుంది. ముందు మూలనున్న రంధ్రాల వైపు వంచి నీళ్లు పూర్తిగా తీసేసి, తర్వాతే సాసు కలపాలి. వంచేటప్పుడు ముఖం దూరంగా పెట్టుకోండి, ఆవిరి కొడుతుంది.

చిరుతిళ్లలో సీమవాళ్లకు తొందరగా నచ్చేవి కాకినొతానె. పెర్సిమన్ పండు గింజల ఆకారంలో ఉండే చిన్న బియ్యం బిళ్లలు, చెనక్కాయలు కలిపి వస్తాయి. వాటిని చేసే కమేడా సంస్థ ఎల్‌టీ ఫుడ్స్‌తో కలిసి మన దేశంలో కారి కారి పేరుతో బియ్యం చిరుతిళ్లు తెచ్చింది. జపాన్ మాటలో కారికారి అంటే కరకర. వానాకాలంలో విప్పిన గంటకే మెత్తబడతాయి, లోపలి చిన్న సంచిని పారేయకుండా డబ్బాలో వాటితోనే ఉంచండి. ఆ సంచి తినేది కాదని పిల్లలకు చెప్పండి.

కప్పా ఎబిసెన్‌లో రొయ్యలుంటాయి, చూడ్డానికి ఉర్లగడ్డ ఫింగర్ చిప్స్‌లా ఉంటుంది, రొయ్యలు పడనివాళ్లు ముట్టకూడదు. పిల్లలకు నెరునెరునెరునె అనే మిఠాయి ఇస్తే, మొదటి పొడిలో నీళ్లు కలిపి రెండో పొడి వేయగానే రంగు మారి నురుగు పొంగుతుంది. పులుపుకు రంగు మారుతుంది, సోడాకు పొంగుతుంది. ట్రే మూల విరిస్తే వచ్చే మూడుకోణాల చిన్న గిన్నెతోనే నీళ్లు కొలవాలి. చెంచాతో అందాజుగా పోస్తే పల్చబడి పొంగదు. ఇందులో గుడ్డు తెల్లసొన ఉంటుంది.

మిగిలిన కర్రీ

రాత్రంతా స్టవ్ మీద వదిలి పొద్దున మరిగించుకుందాంలే అనుకోవద్దు. చిక్కటి కర్రీ గిన్నెలో నెమ్మదిగా చల్లారుతుంది, మధ్యలో గంటల తరబడి గోరువెచ్చగా ఉంటుంది. మాంసం, కూరగాయల్లో ఉండే ఒక రకం బ్యాక్టీరియా బీజాలు మరిగినా చావవు, ఆ గోరువెచ్చదనంలో, గాలి ఆడని అడుగున పెరుగుతాయి. కడుపు నొప్పి, విరేచనాలు దాంతోనే. వెడల్పాటి పళ్లేల్లో పల్చగా పోసి, చన్నీళ్ల గిన్నె మీద పెట్టి తిప్పుతూ చల్లార్చి, గంటలోపు ఫ్రిజ్‌లో పెట్టండి. రెండు రోజుల్లో అయిపోవాలి. డీప్‌ఫ్రీజర్‌లో పెట్టేదైతే ఉర్లగడ్డ ముక్కలు తీసేయండి లేదా మెదిపేయండి, లేదంటే కరిగాక స్పాంజిలా పీచుగా తయారవుతాయి.

మర్నాడు తీసినప్పుడు గట్టి ముద్దలా ఉంటుంది. కప్పు కర్రీకి పావుకప్పు నీళ్లు పోసి సిమ్‌లో అడుగు దాకా తిప్పుతూ పూర్తిగా మరిగించండి. నీళ్లు కలపకుండా అలాగే ఉంచితే దోసెలో ఉర్లగడ్డ కూరకు బదులు పూయడానికి సరిగ్గా ఉంటుంది. అప్పుడు దోసె మీద ఎర్రకారం కూడా పూసుకోవచ్చు.